కోడింగు రావలెను, తెలుగు గంట పోరాదు



ఈ సంవత్సరం నుండి మన పాఠశాలలో బడి విడిచిన తరువాత చిన్న పిల్లలకు కోడింగు తరగతి ఆరంభమైనది. మూడవ తరగతి మొదలు ఆరవ తరగతి వరకు గల పిల్లలు చేరవచ్చును. రుసుము లేదు. బుధవారం మధ్యాహ్నం రెండున్నర గంటలకు కంప్యూటరు గదిలో జరుగుచున్నది. అదే బుధవారం, అదే రెండున్నర గంటలకు, మెట్ల ప్రక్కనున్న గదిలో తెలుగు తరగతి జరుగుచున్నది. ఇది ఎవరో కావాలని చేసిన ఏర్పాటు కాదు. ఆ రోజున కంప్యూటరు గది ఖాళీగా ఉన్నది, అంతే. ఫలితం మాత్రం మీకు తెలిసినదే. తెలుగు గదిలో మూడు బల్లలు ఖాళీ అయినవి.

ఈ విషయమై నా అభిప్రాయమును దాచక చెప్పదలచినాను. కోడింగు తరగతి మన పిల్లలకు తప్పక కావలెను. దాని కొరకు తెలుగు గంటను విడువరాదు. ఇందులో మొదటి మాట చెప్పినప్పుడు మన పెద్దలు కొందరు నన్ను అదోలా చూచినారు. రెండవ మాట చెప్పినప్పుడు తల్లిదండ్రులు కొందరు చూచినారు.

ముందుగా పెద్దలకు ఒక మాట. ఇది ఆటబొమ్మల తరగతి కాదు. 2017 నుండి మన దేశపు పాఠ్యప్రణాళికలోనే, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి ఆలోచించుట అను విషయమునకు చోటిచ్చినారు. మాధ్యమిక పాఠశాలకు వెళ్ళిన పిల్లలకు కంప్యూటరు శాస్త్రము ఒక పాఠ్యాంశముగా ఎదురుకావచ్చును. పట్టణములలో కలిగినవారి పిల్లలు నెలనెలా రుసుము చెల్లించి ప్రయివేటుగా దానిని ముందే నేర్చుకొనుచున్నారు. మన పిల్లల సంగతి 2020 మార్చిలో బడులు మూసినప్పుడు అందరమూ చూచితిమి. ఇంటికి ఒక ఫోను, దానిని నాన్నగారు పనికి తీసుకొనిపోయిన తరువాత పిల్లలకు బడి లేదు. అట్టి ఇండ్ల పిల్లలకు బడిలోనే, రుసుము లేకుండ, ఒక కంప్యూటరు ముందు కూర్చొను అవకాశము వచ్చినప్పుడు వద్దనుట న్యాయము కాదు.

ఇక తల్లిదండ్రులకు. ఎనిమిదేండ్లకే కోడింగు నేర్చిన బిడ్డ ఇంజనీరు అగునని మీకు ఎవరైన చెప్పియుంటే, ఆ మాట చెప్పినవారు ఏదో అమ్మజూచుచున్నారని తెలిసికొనుడు. పిల్లలు ఇక్కడ వాడునది స్క్రాచ్ అను ఉచిత సాధనము. 2007లో అమెరికాలోని ఎంఐటీ వారు దీనిని పిల్లల కొరకే విడుదల చేసినారు. రంగు రంగుల బ్లాకులను ఒకదాని క్రింద ఒకటి తగిలించిన, తెర మీది పిల్లి ఆ ప్రకారము నడచును, తిరుగును, మాటాడును. దీనికి పూర్వము 1967లోనే లోగో అను భాష వచ్చినది. దానిని రూపొందించిన వారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్ గారి తలంపు, యంత్రము బిడ్డను నడిపించుట గాక బిడ్డయే యంత్రమును నడిపించవలెనని. ఆయన కోరినది ఉద్యోగము కాదు, ఆలోచన. తాను చెప్పినదానిలో తప్పు ఎక్కడ ఉన్నదో తానే వెదకి దిద్దుకొను అలవాటు. పరీక్షలో తప్పు వ్రాసిన బిడ్డ సిగ్గుపడును. పిల్లి గోడకు కొట్టుకున్నప్పుడు అదే బిడ్డ నవ్వి మరల ప్రయత్నించును. ముప్పది ఏండ్లుగా ఎర్ర సిరాతో దిద్దుచున్న నాకు ఈ తేడా చిన్నదిగా తోచలేదు.

ఆలోచన కావలెనన్నచో మాట కావలెను. నేను ఆ తరగతికి సహాయము చేయుటకు వెళ్ళి మొదటి రెండు వారములు కంప్యూటర్లు తెరవనీయలేదు. పిల్లలు అలిగినారు. నేను యంత్రమునని చెప్పి, మైలో కలుపుటకు ఆజ్ఞలు ఇమ్మన్నాను. ఒక అమ్మాయి, ‘కప్పులో మైలో పెట్టు’ అన్నది. పొట్లము విప్పకుండనే కప్పులో పెట్టితిని. ‘నీళ్ళు పెట్టు’ అన్నది. కెటిల్‌ను తెచ్చి కప్పు ప్రక్కన పెట్టితిని. పిల్లలు పడి పడి నవ్వినారు. అప్పుడు చివరి వరుసలోని ఒక అబ్బాయి, ఇంట మామ్మతో పెరిగినవాడు, లేచి చెప్పినాడు: ‘పొట్లం చింపు. రెండు చెంచాలు వేయి. వేడినీళ్ళు సగం వరకు పోయి. కలుపు.’

గమనించినారా? పొడిని వేయుదుము, నీటిని పోయుదుము. ఉప్పును చల్లుదుము, గంజిని వార్చుదుము, గిన్నెను వంచి ఒంపుదుము. ఇంట తెలుగు విన్న పిల్లవానికి ఈ మాటలు చేతిలో ఉన్నవి. మలయ్, తమిళము, ఇంగ్లీషు, తెలుగు నాలుగింటిని తలా కొంచెము కలిపి మాటాడు పిల్లవానికి అన్నిటికీ ‘పెట్టు’ ఒక్కటే మిగిలినది. తెర మీది బ్లాకులకు ఆ ఒక్క మాట చాలదు. నాలుగు భాషలు తెలియుట మన పిల్లలకు బలమే. కాని వాటిలో ఏ ఒక్కదానిలోనైన ఒక పనిని మొదటినుండి చివరి వరకు తడబడక చెప్పగలిగి ఉండవలెను. మన ఇండ్లలో ఆ ఒక్క భాష ఏది కావలెనో నేను వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్య మన ఇండ్లకు క్రొత్తది అని తలపవద్దు. మనలో చాలమంది ముందుతరమువారు రబ్బరు తోటలలో పని చేసినవారే, మా నాయన, అమ్మ కూడ. తెల్లవారక మునుపే లేచి వందల చెట్లు గీసిన వారు ఏ క్రమమున పని చేసినారో ఒకసారి తలచుకొనుడు. బెరడు వానకు తడిసి ఉంటే గీయరాదు, పాలు గీత దాటి కారిపోవును. తడి లేకపోతే గీయవలెను. గీత ఎడమవైపు పైనుండి కుడివైపు క్రిందికి వాలవలెను, అప్పుడే పాల నాళములు ఎక్కువగ తెగును. లోతు తగ్గితే పాలు తగ్గును. లోతు మించితే కత్తి లోపలి పచ్చి పొరకు తగిలి చెట్టు గాయపడును, అచ్చట మరల నున్నని బెరడు పట్టదు. తరువాతి చెట్టుకు పోవలెను. వరుస ముగియు వరకు ఇట్లే చేయవలెను. ఇందులో ‘అయితే’ ఉన్నది, ‘లేకపోతే’ ఉన్నది, ‘వరకు’ ఉన్నది. తెర మీది బ్లాకులలో ఉన్నవీ ఇవే. బడి మెట్టు ఎక్కని మనిషి కూడ వీటిని ఒక్కటీ తప్పక చేసినాడు, ఏలయనగా తప్పితే ఆనాటి కూలి తగ్గును.

ముగ్గు సంగతి కూడ ఇట్టిదే. చుక్కలు పెట్టి, ఒకే మెలికను నాలుగు దిక్కులకు త్రిప్పి త్రిప్పి వేయుదురు గదా. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ గారలు 1970ల నాటికే తమ సహచరులతో కూడి కోలముల అల్లికను కంప్యూటరు శాస్త్రపు వ్యాకరణముతో పరిశోధించినారు. సంక్రాంతి నాడు మీ వాకిట ముగ్గు వేయునప్పుడు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టి, ఎన్ని చుక్కలు, ఎటు తిరుగవలెను అని దానిచేత చెప్పించి చూడుడు. మీ చేయి అది చెప్పినట్లే పోవలెను సుమా, మీకు తెలిసినట్లు కాదు.

కనుక నేను కోరునది ఇది. కోడింగు తరగతిని గురువారమునకు మార్చవలెను. ఆ రోజున మూడు గంటల తరువాత కంప్యూటరు గది ఖాళీయే. బస్సు ఆలస్యమగునని కొందరు తల్లులు చెప్పినారు, అది నిజమైన ఇబ్బందియే, బస్సు నడుపువారితో మాటాడవలసి ఉన్నది. మార్చుట కుదరదన్నచో తెలుగు తరగతినే మార్చుదమని ఒకరు సూచించినారు. దానికి నేను ఒప్పుకొనను. ఈ పాఠశాలలో ఏ క్రొత్త కార్యక్రమము వచ్చినను మొదట జరుగునది తెలుగు గంటయే. కబడ్డీకి జరిగినది, నృత్యపోటీకి జరిగినది. ఇప్పటికి రెండు గదులు మారి మెట్ల ప్రక్కకు చేరినది.

తల్లిదండ్రుల సమావేశము ఈ నెల చివరి శనివారము ఉదయము జరుగును. మీ మాట అక్కడ చెప్పుడు. రాలేనివారు బిడ్డ పుస్తకములో ఒక చీటీ వ్రాసి పంపినను చాలును. తెలుగులో వ్రాయుట కష్టమైనచో మీకు వచ్చిన భాషలో వ్రాయుడు.

మరియొక విన్నపము. వచ్చే నెల పిల్లలు రబ్బరు చెట్ల వరుసను తెర మీద గీయబోవుచున్నారు. పిల్లికి బదులు ఒక తాత నడచును. స్వయముగా గీత పని చేసిన తాతలు, మామ్మలు ఎవరైన ఉన్నచో ఒక పూట తరగతికి రావలెను. ఏ చెట్టు దగ్గర ఆగవలెనో, ఎప్పుడు ఇల్లు చేరవలెనో పిల్లలు మిమ్ములను అడుగుదురు. రబ్బరు గీసే పాత కత్తి ఇంట ఉంటే చూపుటకు తెండు, అంచుకు గుడ్డ చుట్టి.