కబుర్ల దారిలో కంప్యూటర్లకు పని

నెట్ సెంటర్లో గంటకింతని కట్టి యాహూ మెసెంజర్‌లో కబుర్లు చెప్పుకున్న రోజులు గుర్తున్నాయా? స్నేహితుడు ఆన్‌లైన్‌లోకి రాగానే అతని పేరు వెలిగేది. వెళ్లిపోతే ఆరిపోయేది. 2018లో ఆ మెసెంజర్ మూతపడింది. కానీ ఎవరున్నారో ఎవరు లేరో చెప్పే ఆ ఏర్పాటు కబుర్లకే కాదు, కంప్యూటర్ల చేత పని చేయించడానికీ భేషుగ్గా పనికొస్తుంది!

ఒక పెద్ద పనిని ముక్కలు చేసి చాలా కంప్యూటర్లకు పంచడమే డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్. గ్రహాంతరవాసుల జాడ కోసం అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1999లో మొదలుపెట్టిన 'సెటీ ఎట్ హోమ్' ఇలాంటిదే. రేడియో సంకేతాలను లక్షలాది ఇళ్లలోని కంప్యూటర్లు జల్లెడ పట్టాయి. 2020 మార్చిలో కొత్త పని పంచడం ఆపేశారు. అందులో ఇంటి కంప్యూటరే సర్వర్ దగ్గరికి వెళ్లి పని అడిగి తెచ్చుకునేది. బయటివాళ్లు తామే వచ్చి పలకరించబోతే మామూలుగా ఫైర్‌వాల్ గుమ్మంలోనే ఆపేస్తుంది మరి.

చాట్ ప్రోగ్రామ్ అలా కాదు. లోపలి నుంచి తానే సర్వర్‌కు లైను కలిపి, తెరిచే ఉంచుతుంది. కాబట్టి ఆదేశం క్షణాల్లో అందుతుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో కూడా తెలుస్తుంది. పెళ్లింట్లో వంటమేస్త్రి ఖాళీగా కనిపించిన మనిషికల్లా పని పురమాయించినట్టే!

అయితే మనుషులకు 'ఆ పని చూడు', 'సరే' అంటే సరిపోతుంది. యంత్రాలకు చాలదు. జెరెమీ మిల్లర్ 1999లో ప్రకటించిన జాబర్, 2004లో ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. అందులో మూడు రకాల సందేశాలుంటాయి. ఒకటి కబుర్లకు, ఒకటి ఉనికి చెప్పడానికి, మూడోది ప్రశ్న-జవాబుకు. ఈ మూడోదాంట్లో ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు ఉంటుంది. అదే గుర్తుతో ఫలితమో, పొరపాటు జరిగిందన్న మాటో తిరిగి రావాల్సిందే. ఆదేశాలకు కావలసింది ఇదే.

ఇక్కడో చిక్కుంది. 'ఫొటోను సగానికి తగ్గించు' అని పంపారు. పని అయింది కానీ జవాబు దారిలో పోయింది. మీరు మళ్లీ పంపారు. ఫొటో పావు సైజుకొచ్చింది! అదే 'అసలు ఫొటో నుంచి 800 పిక్సెళ్ల వెడల్పు కాపీ చేయి' అంటే? పదిసార్లు పంపినా ఫలితం ఒక్కటే. రెండోసారి విన్నా చెడిపోనిదే మంచి ఆదేశం. అలా రాయడం కుదరనప్పుడు పనికో నంబరిచ్చి, 'ఈ నంబరు పని అయిపోయింది' అని కంప్యూటర్ గుర్తుపెట్టుకునేలా చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది... హుకుం ఎవరిది? 1988లో ఫిన్లండ్‌లో పుట్టిన ఐఆర్‌సీ చాట్‌ను 2000 దశకంలో దొంగలు యథేచ్ఛగా వాడుకున్నారు. వైరస్ సోకిన వేలాది కంప్యూటర్లు ఒక చాట్ గదిలోకి చేరి యజమాని మాట కోసం కాచుకునేవి. అక్కడ ఒక్క లైను రాస్తే చాలు, అన్నీ కలిసి ఏదో ఒక వెబ్‌సైట్ మీద పడేవి. వాటినే బాట్‌నెట్‌లన్నారు. ఆ కంప్యూటర్ల సొంతదారులకు ఆ సంగతే తెలిసేది కాదు!

మంచి పనికీ చెడ్డ పనికీ దారి ఒక్కటే. తేడా అంతా నియమాల్లో ఉంది. ఇవాళ టెలిగ్రామ్ బాట్ తయారుచేసే కుర్రాళ్లకైనా ఇవే వర్తిస్తాయి. పంపినవారి ఖాతా చూడకుండా ఆదేశం పాటించకూడదు. ఏ లైనొస్తే అది నడిపేయకూడదు. ముందే రాసిపెట్టుకున్న నాలుగైదు పనులే చేయాలి. మిగతావాటికి 'కుదరదు' అనాలి. కంప్యూటర్‌కు మాట వినడం నేర్పేముందు, ఎవరి మాట వినకూడదో నేర్పాలి.