నాబోతును అడిగారు, కాని వినలేదు

పలాస ప్రాంతంలో కార్గో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. కొందరు ‘అభివృద్ధి’ అంటున్నారు, కొందరు ‘మా తోటలు’ అంటున్నారు. గ్రామాల్లో నిరసనలు కూడా జరిగాయి. ఇటు బారువ, సోంపేట వైపు సంఘాల్లోనూ ఆదివారం ఆరాధన ముగిశాక అదే ప్రశ్న: “అయ్యగారూ, ఇంతకీ మనం ఎవరి వైపు?”

ప్రాజెక్టు కావాలనేవారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేము. మన పిల్లలు పని కోసం విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి పోతున్నారు. మన మత్స్యకారులు గుజరాత్ తీరం దాకా వలస వెళ్తున్నారు. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. దానికి తోడు విమానాశ్రయం కూడా వస్తే పలాస జీడిపప్పుకు, మన చేపలకు కొత్త మార్కెట్లు దొరుకుతాయని వారి ఆశ. ఆ ఆశలో తప్పు లేదు.

కాని తోట ఉన్నవాడి భయం కూడా నిజమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటిన మర్నాడే కాయ ఇవ్వదు, ఏళ్లు పడుతుంది. అలా మళ్లీ నాటి, నీరు పోసి, అప్పు తీరుస్తూ పెంచుకున్న తోటలు ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. ఆ సమయంలో ‘భూమి కావాలి’ అన్న మాట వినబడితే గుండె జారదా?

ఈ సందర్భంలో మనకు నాబోతు గుర్తుకు రావాలి (1 రాజులు 21). అహాబు మొదట అన్యాయమైన బేరం పెట్టలేదని గమనించండి. ఇంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల కట్టి ఇస్తానన్నాడు. నాబోతు తన పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు. ఆ ‘లేదు’ అన్న మాటను వినలేకపోవడంతోనే పాపం మొదలైంది. ఆ తర్వాత అంతా పద్ధతిగా నడిచినట్టే కనబడుతుంది. రాజముద్రతో తాకీదులు వెళ్లాయి, సభ కూడింది, సాక్షులు ఇద్దరు వచ్చారు. కాగితం మీద లోపం లేదు. నాబోతు మాత్రం రాళ్ల కింద చనిపోయాడు. సభ పెట్టినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు.

ఈ పాఠం మన గడ్డ మీదే ఒకసారి నేర్చుకున్నాం. సోంపేట బీల నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టారు. దానికి పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. అది నీటి నేల, తమకు పంట, చేప, పశువుల మేత ఇచ్చే నేల అని ప్రజలు మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ముందే సరిగా విని ఉంటే ఆ ఇళ్లలో దీపాలు ఆరేవి కావు.

2013 భూసేకరణ చట్టం ముందుగా సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలని, బాధితుల మాట బహిరంగంగా వినాలని చెప్పింది. భూమి ఉన్నవారినే కాక, ఆ భూమి మీద మూడేళ్లుగా ఆధారపడిన కౌలుదార్లను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. అయితే 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించే వీలు కల్పించింది. ఇక్కడ ఆ మినహాయింపు వాడవద్దని మా విన్నపం. ఎందుకంటే కొబ్బరి దింపు కూలీకి, జీడిపిక్కలు ఒలిచే అక్కకు పట్టా లేదు. అధ్యయనం జరగకపోతే వారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. మన సంఘాల్లో చాపల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది వారే.

డబ్బు సంగతి కూడా అడగాలి. నిర్మాణానికి ఎంత, ఎవరు పెడతారు, నష్టం వస్తే ఎవరు భరిస్తారు? కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న ఉద్దానానికి 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరిచారు. దాన్ని, ఇంటింటికీ తాగునీటిని నడిపించే ఖర్చు ఏటేటా ఉంటుంది. రన్‌వే కోసం ఆ ఖర్చుకు కోత పడకూడదు. ఇంత భూమి నిజంగా కావాలా అన్నదీ అడగదగిన ప్రశ్నే. భోగాపురంలో చాలా పెద్ద అంకెతో మొదలైన ప్రతిపాదన, రైతుల అభ్యంతరాల తర్వాత తగ్గుతూ వచ్చి సుమారు 2,200 ఎకరాల దగ్గర ఆగింది.

కాబట్టి “ఎవరి వైపు” అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. సంఘం ఏ పార్టీ జెండా పట్టదు, కాని పట్టా లేనివాడి పక్కన నిలబడుతుంది. గ్రామసభ జరిగితే వెళ్లండి. చదువుకున్న యువకులు నోటీసులు చదివి పెద్దలకు తెలుగులో చెప్పండి. కూలీల పేర్లు రాయించండి. ఒకే సంఘంలో అవునన్నవారూ కాదన్నవారూ ఉంటారు. బల్ల దగ్గర వారిని విడదీయవద్దు.

పాలకుల కోసం ప్రార్థన చేయడం మన బాధ్యత. ఈసారి వారికి వినే చెవి ఇవ్వమని ప్రార్థిద్దాం. ‘సరే’ అన్న మాటను వినడం ఏ పాలకుడికైనా సులువే. ‘లేదు’ అన్న మాటను వినగలిగినవాడే అహాబు కాకుండా ఉంటాడు.