రంగు చాటున తుప్పు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే పికప్ బండ్లను మనం నిత్యం చూస్తుంటాము. తాళ్లు, గొలుసులు రాసుకొని వెనుక డాలా అంచుల రంగే ముందుగా పోతుంది.

గీతపై గోరు నడిపి చూడండి. గోరు తగులుకోకపోతే గీత పైపూత వరకే ఉన్నట్లు, పాలిష్ సరిపోతుంది. ఇనుము కనిపిస్తే వానలకు ముందే తుప్పు గీకించి, ప్రైమర్ వేయించి, ఆపైన రంగు వేయించాలి. తుప్పు మీదనే పుట్టీ పూస్తే అది లోలోపల పాకుతూనే ఉంటుంది.

అసలు పరీక్ష బండి అమ్మేటప్పుడు వస్తుంది. రంగు వేయించి అమ్మడం దోషం కాదు; ఆ రంగు చాటున తుప్పును దాచడమే దోషం. ఒకసారి దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు.

బేరానికి వచ్చినవాడు అప్పు చేసి, ఆ బండిపైనే ఇల్లు నడపదలచి వచ్చి ఉండవచ్చు. తుప్పు ఉన్న చోటు అతనికి చూపించండి. ధర కొంత తగ్గవచ్చు. అయినా పిల్లల కంచంలోకి చేరేది ఆ సొమ్మే కనుక, అది స్వచ్ఛంగా ఉండటమే మేలని మేము భావిస్తాము.