తాబేటి చిప్పకు వైద్యం

అమరకోశం వల్లె వేసినవారికి తాబేటి పేర్లు ఇంకా నోట ఆడుతూనే ఉంటాయి. కూర్మమన్నా, కమఠమన్నా, కచ్ఛపమన్నా అదే. మందర పర్వతాన్ని వీపున మోసిన తాబేటి కథ పురాణంలో ఉంది. హంసలతో ఆకాశానికి ఎగిరి, నోరు కట్టుకోలేక నేలబడిన తాబేటి కథ పంచతంత్రంలో ఉంది. అయితే అలా పడి చిప్ప పగిలిన ప్రాణిని బతికించుకోవడం ఎలాగో విష్ణుశర్మ చెప్పలేదు. చెప్పి ఉంటే కిందటి ఏడు మా వీధికి ఎంతో ఉపకారమయ్యేది.

తొలకరి పడిన నాలుగో రోజున మా కాలేజీ కుర్రవాడొకడు పలాసలో మా యింటికి వచ్చాడు. వాళ్లది ఉద్దానం. జీడితోట, తోట పక్కనే చిన్న చెరువు. చేతిలో బిస్కట్ల డబ్బా ఉంది. మూత తీస్తే లోపల నల్లటి నీటి తాబేలు పిల్ల. రెండు జీడిపిక్కలు పక్కపక్కన పెడితే ఎంతో అంత.

"కుక్క కరిసీసింది మాస్టారూ, బతుకుతాదంటారా?" అన్నాడు.

చిప్ప అంచు ఒకచోట చిట్లింది. సన్నగా నెత్తురు కనిపిస్తోంది. తలా కాళ్లూ లోపలికి ముడుచుకుని ఉంది.

మన వీధుల్లో డాక్టర్లకు కొదవేమో గాని వైద్యానికి కొదవ లేదు. క్షణంలో నలుగురు పోగయ్యారు. పక్కింటి పిన్నిగారు పసుపూ కొబ్బరినూనే కలిపి పట్టించమన్నారు. ఎదురింటాయన మంచి జిగురు పెట్టి అతికించేస్తే సరిపోతుందన్నారు. మరొకరు బకెట్టు నిండా నీళ్లు పోసి అందులో వదలమన్నారు. మా అమ్మ మాత్రం, "శ్రీకూర్మం పంపించెయ్యండర్రా, స్వామి చూసుకుంటాడు" అంది. ఎవరి మాటలోనూ దయకు లోటు లేదు. లోటల్లా తాబేటి శరీరం సంగతి తెలియకపోవడమే.

పశువైద్యుడికి ఫోను చేశాం. ఆయన ఓపిగ్గా చెప్పిన సంగతులు పాఠకులకు కూడా పనికివస్తాయి.

తాబేటి చిప్ప మనం తొడుక్కునే చొక్కా వంటిది కాదు. వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయి ఏర్పడిన ఎముక అది. పైన గోరులాంటి పొర ఉంటుంది. లోపల నెత్తురు ఆడుతుంది, నరాలు ఉంటాయి. కొడితే నొప్పి తెలుస్తుంది. పైచిప్పకు సరిగ్గా కిందనే ఊపిరితిత్తులు ఉంటాయి. అంచేత పగులు మీద ధారగా నీళ్లు పొయ్యకూడదు. జిగురు పెట్టి మూసేస్తే మురికి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. నూనె రాస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఇక బకెట్టు మాట. నీటి తాబేలైనా పీల్చేది గాలినే. దెబ్బతిని నీరసించిన పిల్ల లోతు నీటిలో తల పైకెత్తలేక మునిగిపోతుంది.

ఆయన చెప్పినట్టే చేశాం. మందుల షాపునుంచి సెలైను తెచ్చి, మెత్తని గుడ్డ తడిపి, గాయం చుట్టూ అద్ది తుడిచాం. పోవిడోన్ అయోడిన్ మందును పలచటి టీ డికాక్షను రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి, దానితో అద్దాం. పైన పలచగా గాజుగుడ్డ వేశాం. గాలి ఆడేట్టు బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో తడిగుడ్డ పరిచి, పిల్లను అందులో ఉంచాం. పెట్టె మీద దోమతెర ముక్క కప్పాం. ఈగ వాలిందంటే గంటల్లో గాయంలో పురుగు పడుతుందట. పాలగిన్నెకు చీమలు పట్టకుండా చేసినట్టే, పెట్టెను పీట మీద పెట్టి పీటకాళ్ల కింద నీళ్ల పళ్లేలు ఉంచాం. పాలూ అన్నం మెతుకులూ పెట్టవద్దన్నారు. ఆ రాత్రికి దానికి కావలసినవి చీకటి, నిశ్శబ్దం, కాస్త వెచ్చదనం. అంతే.

మా అమ్మ మాట కూడా తీసిపారేసేది కాదు. శ్రీకాకుళానికి దగ్గరలో ఉన్న శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటాడు. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. కాని అవి మెట్ట తాబేళ్లు. గడ్డీ ఆకులూ తిని పొడినేల మీద బతుకుతాయి. వాటిని చెరువులో వేస్తే చస్తాయి. చెరువులో పుట్టినదాన్ని వాటి మధ్య వదిలితే ఇదీ బతకదు. దేవుడు ఒక్కడే అయినా తాబేళ్ల కులాలు వేరు. వీపు మీది చుక్కల అందమే ఆ నక్షత్ర తాబేలుకు శాపమైంది. పెంచుకునే సరదాకు దేశాలు దాటించి దొంగతనంగా అమ్ముతున్నారు. అందుకే 2019లో జెనీవాలో కూడిన దేశాలు వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలో చేర్చాయి.

మర్నాడు అసలు చిక్కు వచ్చింది. కుర్రవాడు పెట్టె వదలడు. "మానీదాకా నా దగ్గరుంచుకుంతాను మాస్టారూ" అంటాడు. చెల్లెలు అప్పుడే దానికి పేరు కూడా పెట్టిందట! ఇంట్లో తాబేలుంటే కలిసివస్తుందని వాళ్ల తాతగారి మాట. ఇంతమంది ప్రేమకు అడ్డు చెప్పడం మాటలా?

అయినా చెప్పక తప్పలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రక్షణ ఉన్న ప్రాణి మన చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీసు స్టేషనుకో, సంబంధించిన అధికారికో తెలియజేసి అప్పగించాలి. దయతో దాచినవాడి పెట్టెకూ, అమ్మడానికి దాచినవాడి పెట్టెకూ పైకి తేడా కనిపించదు. పైగా తాబేటి గాయం మన గాయంలా వారంలో మానేది కాదు, నెలలు పడుతుంది. దాని ఒంటికి సొంత వేడి లేదు. బయటి వెచ్చదనాన్నిబట్టే గాయం పూడుతుంది.

"2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మీ తోట కూలిపోయింది గదా, మళ్లీ నాటిన కొబ్బరి మర్నాడే కాసిందా?" అని అడిగాను. వాడు మాట్లాడలేదు. మధ్యాహ్నం తనే పెట్టె పట్టుకుని నాతో అటవీ శాఖ వారి దగ్గరకు వచ్చాడు. ఏ చెరువు గట్టున దొరికిందో ఆనవాళ్లతో సహా చెప్పి రాయించాడు. ఆ ఆనవాళ్లే తరవాత అక్కరకు వచ్చాయి. దసరా సెలవుల ముందు కబురు తెలిసింది. చిప్ప పూడింది, పిల్లను ఆ చెరువులోనే వదిలారు.

మన తీరం మాట కూడా చెప్పాలి. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్క గూటిలో సుమారు వంద గుడ్లు ఉంటాయి. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకి వచ్చి, వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రమే వాటికి వెలుగు. ఒడ్డున దీపం వెలిగితే దారి తప్పి ఊరివైపు వస్తాయి. అటువంటి పిల్ల కనిపిస్తే ఇంటికి తేకండి. మంచినీళ్ల బకెట్టులో అసలే వెయ్యకండి. దీపాలు ఆర్పించి, కుక్కలను తరిమి, అటవీ శాఖ వారికి కబురు చెయ్యండి.

చెరువు తాబేలైనా, మెట్ట తాబేలైనా, కడలి తాబేలైనా మన ఇంట్లో దానికి ఒక్క రాత్రి ఆతిథ్యం చాలు. గాలి ఆడే పెట్టె ఒకటి, శుభ్రమైన గుడ్డ ఒకటి చూసుకోండి. అది దొరికిన చోటు గుర్తుగా రాసుకోండి. పశువైద్యుడి నంబరూ, అటవీ శాఖ నంబరూ గోడ మీది క్యాలెండరులో ఈ రోజే రాసిపెట్టుకోండి. తాబేలు నెమ్మదిగానే నడుస్తుంది, కాని గాయం మీద వాలే ఈగ నెమ్మదిగా రాదు.