చిన్న గిటార్ ఆంప్ కొంటున్నారా? వాట్స్ కాదు, వాయించే టైమ్ చూడండి

ఫస్ట్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లు చిన్న ఆంప్ కోసం వెతికేటప్పుడు ముందు అడిగేది ఎన్ని వాట్స్ అనే. నన్నడిగితే, మీరు ఏ టైమ్‌లో ప్రాక్టీస్ చేస్తారన్నది ముందు తేల్చుకోవాలి.

పగలు వాయించే వీలుంటే స్పీకర్ ఉన్నదే తీసుకోండి. బాస్ కటానా మినీ 7 వాట్స్, 4 అంగుళాల స్పీకర్, ఆరు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. ఒక గదికి సరిపోతుంది. బెల్టుకి తగిలించుకునే మార్షల్ ఎంఎస్-2 ఒక్క వాటే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ, అంత బుల్లి స్పీకర్‌లో లావు తీగల సౌండ్ పలచబడిపోతుంది.

ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి గిటార్ పట్టుకునేవాళ్లకి మాత్రం హెడ్‌ఫోన్ ఆంపే కరెక్ట్. వాక్స్ ఆంప్‌ప్లగ్‌ని నేరుగా గిటార్ జాక్‌లోనే పెట్టేయొచ్చు. 2021లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ మైక్రో కూడా అంతే. దాంట్లో 12 ఆంప్ మోడల్స్, యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉన్నాయి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బ్లూటూత్ ఉంది కదా, ఇయర్‌బడ్స్ చాలనుకుంటారు. మస్టాంగ్ మైక్రోలో బ్లూటూత్ ఉన్నది ఫోన్‌లో పాట ప్లే చేసుకుని, దానితో పాటు వాయించడానికి. మీ గిటార్ మీకు వినబడాలంటే వైర్ హెడ్‌ఫోన్స్ పెట్టాల్సిందే. నా దృష్టిలో అది లోపం కాదు. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో సౌండ్ కాస్త లేటుగా వస్తుంది. సినిమా చూస్తే తెలియకపోవచ్చు గానీ, తీగ మీటాక ఆలస్యంగా వినబడితే తాళం కుదరదు.

అందుకే ఆంప్ బడ్జెట్‌లోంచే మంచి వైర్ హెడ్‌ఫోన్స్‌కి కొంత పక్కన పెట్టండి. పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు కొట్టకుండా రోజూ అరగంట ప్రాక్టీస్ సాగిందంటే, పెట్టిన డబ్బులు వచ్చేసినట్టే.