కొలువు పోతే కోడలి వీసా ఏమవుతుంది?

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా నికాహ్ మాటలు జరిగే ఇంట "అబ్బాయి దుబాయిలో ఉన్నాడు, అమ్మాయిని వెంట తీసుకుపోతాడు" అన్న మాట వినబడితే తక్కిన ప్రశ్నలు ఆగిపోతాయి. జీతమెంతో అడుగుతాము, ఆ జీతం ఆగిననాడు అమ్మాయి పరిస్థితి ఏమిటని అడగము. అలా అడగటం అపశకునం కాదనీ, పెద్దల బాధ్యత అనీ మేము భావిస్తున్నాము.

గల్ఫ్‌లో భర్త వెంట వెళ్లిన భార్య నివాసానుమతి ఆమె సొంతం కాదు. అది భర్త పూచీపై నిలిచినది. ఎమిరేట్స్‌లో భార్యను పిలిపించుకోవాలంటే భర్తకు నెలకు 4,000 దిర్హములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హముల జీతం ఉండాలి. ఉద్యోగం పోయి అతని అనుమతి రద్దయితే ఆమెదీ, పిల్లలదీ నిలవవు. సౌదీలో 2017 జూలైలో కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు. కొలువు ఉండగానే ఆ భారం మోయలేక కుటుంబాలను స్వదేశానికి పంపినవారు ఎందరో! అమెరికాలోనూ ఇదే తీరు. హెచ్-1బి ఉద్యోగి కొలువు పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. హెచ్-4 వీసాపై ఉన్న భార్యకూ అంతే.

మేమెరిగిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. బి.ఇడి. చదువును సగంలో ఆపి ఆ అమ్మాయి భర్త వెంట గల్ఫ్ వెళ్లింది. టిక్కెట్లకు, వీసా ఖర్చులకు అత్తింటివారు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. ఏడాది తిరగకముందే భర్త కొలువు పోయింది. అతడు మరో పని వెదుక్కుంటూ అక్కడ ఉండిపోగా, ఆమె చంటిబిడ్డతో తిరిగి వచ్చింది. "వాడు కుదురుకున్నాక పిలుస్తాడు" అని అత్తింటివారు పుట్టింటికి పంపారు. నేటికి రెండేళ్లు. చదువు పోయింది, అప్పు మిగిలింది, పిలుపు రాలేదు.

ఇలాంటి ప్రశ్నలు అడిగితే వియ్యంకుల మనసు నొచ్చుకుంటుందని కొందరంటారు. కానీ భార్యాబిడ్డల పోషణ భర్త బాధ్యత అని మన షరీఅత్ చెబుతున్నది. అప్పు తీసుకుంటే రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. అప్పుకే పత్రం అవసరమైనప్పుడు ఒక ఆడబిడ్డ జీవితం గురించి నాలుగు ప్రశ్నలు అడగటం అవమానమెలా అవుతుంది? నిజాయితీ గల వరుడు వీటికి సంతోషంగానే బదులిస్తాడు.

కనుక నికాహ్‌కు ముందే అడగవలసినవి అడుగుదాము. అతని అనుమతి ఏ రకానిది? గడువు ఎప్పటివరకు? కొలువు పోతే తిరుగు ప్రయాణానికి సొమ్ము ఉన్నదా? వచ్చాక ఆమె ఏ ఇంట ఉంటుంది, ఖర్చు ఎవరు భరిస్తారు? మహర్‌ను కాగితంపై అంకెగా మిగల్చక ఆమె చేతికి ఇప్పిద్దాము. రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి. నిఖానామా ఉన్నది చాలునని ఊరుకోరాదు. ఆమె చదువు మధ్యలో ఉంటే అది ముగిశాకే ప్రయాణం పెట్టుకోవాలి.

అక్కడున్నవారికి ఒక మాట. ఎమిరేట్స్‌లో 2023 జనవరి నుంచి నిరుద్యోగ బీమా అమలులో ఉన్నది. కనీసం 12 నెలలు చందా కట్టినవారికి మూల వేతనంలో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలు లభిస్తుంది. రాజీనామా చేసినవారికి అది దక్కదు. యాజమాన్యం తీసివేస్తూ రాజీనామాపై సంతకం అడిగితే తొందరపడవద్దు.

తిరిగి వచ్చిన తల్లులు మరొకటి తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల బిడ్డకు విద్యాసంవత్సరం మధ్యలో వచ్చినంత మాత్రాన బడి ప్రవేశం నిరాకరించరాదు. రేషన్ కార్డుకూ, ఉపాధి రుణానికీ ఆ తల్లులు కార్యాలయాల చుట్టూ తిరగకుండా జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ఒక సహాయ కేంద్రం ఉండాలని మేము కోరుతున్నాము. అంతవరకు ప్రతి మస్జిద్ కమిటీ, అర్జీలు రాయగల ఒకరిద్దరిని జుమా నమాజు తరువాత గంటసేపు కూర్చోబెట్టవచ్చు. రిటైరైన మావంటివారికి ఆ పని బరువు కాదు.

కొలువు రావడం, పోవడం మన చేతిలో లేదు. పోయిననాడు ఆడబిడ్డ రెండు ఇళ్ల మధ్య నిలబడకుండా చూడటం మాత్రం మన చేతిలోనే ఉన్నది.