నేల దాచని రక్తం

హిరోషిమాపై అణుబాంబు పడనే లేదని, అమెరికా విమానాలు మామూలు నిప్పు బాంబులతోనే ఊరిని తగులబెట్టాయని వాదించేవాళ్లు నేటికీ ఉన్నారు. కాంక్రీటు భవనాలు కొన్ని నిలిచే ఉన్నాయి కదా అన్నది వాళ్ల రుజువు!

1945 ఆగస్టు 6న ఆ ఊళ్లో కియోషి తనిమోటో అనే మెథడిస్టు పాస్టరు గారున్నారు. గాయపడినవాళ్లను పడవలో నది దాటించారు. ఒక స్త్రీని చేతులు పట్టి లేపబోతే చర్మం తొడుగులా ఊడి వచ్చింది. ఆయనకు పెద్ద గాయాలేవీ తగల్లేదు. అయినా కొన్ని వారాలకు జ్వరంతో, నీరసంతో మంచాన పడ్డారు. ఒంటిమీద గీత కూడా పడనివాళ్లకు జుట్టు రాలింది, ప్రాణాలూ పోయాయి. నిప్పు బాంబు అలా చేయదు. ఆ ఏడాది చివరికి మృతులు సుమారు 1,40,000.

కాదనడం కొత్త కాదు. రేడియేషన్‌తో మనుషులు చనిపోతున్నారన్న వార్తను 1945 సెప్టెంబరులోనే అమెరికా సైన్యాధికారులు కొట్టిపారేశారు. తమ్ముణ్ని చంపిన కయీను కూడా దేవుడడిగితే తనకు తెలియదనే అన్నాడు (ఆది 4:9). అక్కడ సాక్షులెవరూ లేరు. రక్తం పడిన నేలే అతణ్ని పట్టించింది.

మనల్ని కలవరపెట్టేది మరొకటుంది. టినియన్ దీవి నుంచి ఆ విమానం బయల్దేరేముందు సిబ్బంది కోసం ప్రార్థించింది విలియం డౌనీ అనే లూథరన్ చాప్లిన్. బాంబు వేసినవాళ్ల వెంట ఒక కాపరి, అది పడిన ఊళ్లో ఒక కాపరి! బాంబే అబద్ధమైతే ఆ ప్రార్థనకు సంఘం జవాబు చెప్పుకోనక్కర్లేదు. మనకా వెసులుబాటు లేదు.

తనిమోటో గారు 1986లో ప్రభువు నందు నిద్రించారు. బాధితుల సంస్థ నిహోన్ హిదాంక్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అందులో చూసినవాళ్లంతా ఇప్పుడు వృద్ధులే.